“ఏమీ కాదు కదా అమ్మా?” అని రోజంతా అడిగే అమ్మాయికి ఇంట్లో ఎలా తోడుండాలి?

ప్రశ్న: హనుమకొండ అమ్మ

మా అమ్మాయికి 13 ఏళ్లు, ఎనిమిదో తరగతి చదువుతోంది. దసరా సెలవుల తర్వాత నుంచి చేతులు కడుక్కోవడం ఎక్కువైంది. మొదట్లో మా అత్తగారు, ఈ కాలం పిల్లల్లో ఇంత శుభ్రం ఎవరికుందని మురిసిపోయారు. సంక్రాంతి నాటికి వేళ్ల సందులు పగిలి రక్తం వచ్చే దాకా వెళ్లింది. ఇప్పుడు స్కూలు బ్యాగును గుమ్మం దగ్గరే ఉంచుతుంది. నేను తడిగుడ్డతో మూడుసార్లు తుడిస్తే తప్ప లోపలికి తెచ్చుకోదు.

అంతకన్నా నన్ను భయపెడుతున్నది మరొకటి ఉంది. పుస్తకానికి కాలు తగిలితే తీసి కళ్లకద్దుకోవడం మనందరికీ అలవాటే. మా అమ్మాయి మాత్రం సరిగా అద్దుకున్నానో లేదోనని పదేపదే అద్దుకుంటుంది, మధ్యలో లెక్క తప్పితే మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. అలా చేయకపోతే నానమ్మకు ఏదో జరుగుతుందని అనిపిస్తుందట. దేవుడి గది ముందు నిలబడితే పైకి చెప్పలేని మాటలు మనసులోకి వస్తున్నాయని ఒక రాత్రి ఏడుస్తూ చెప్పింది. ఆ ఆలోచన వచ్చిన ప్రతిసారీ నా దగ్గరకు వచ్చి “ఏమీ కాదు కదా అమ్మా?” అని అడుగుతుంది. “ఏమీ కాదు” అంటే రెండు నిమిషాలు కుదుటపడి మళ్లీ వస్తుంది. ఒక ఆదివారం లెక్కపెట్టాను, మధ్యాహ్న భోజనాల లోపే 38 సార్లు అడిగింది.

పిల్లల మానసిక వైద్యులకు చూపించాం. ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్, అక్కర్లేని ఆలోచనలు చొరబడి చేసిన పనినే మళ్లీ మళ్లీ చేయించే జబ్బు) అని చెప్పి, సైకాలజిస్టు దగ్గర థెరపీ మొదలుపెట్టమన్నారు. “ఇంట్లో వాళ్లు సహకరించడం తగ్గించాలి” అని చివర్లో ఒక్క మాట అన్నారు కానీ, దాని అర్థం నాకు బోధపడలేదు. జవాబు చెప్పకపోతే పిల్ల ఊపిరాడనట్టు ఏడుస్తుంది. మా వారు (ఆయన కూడా పడుకునే ముందు గ్యాసు రెగ్యులేటరు మూడుసార్లు చూసే మనిషే) గట్టిగా కోప్పడితే ఒక్కరోజు ఆపింది, మర్నాటి నుంచి స్నానాల గదిలో గడియ పెట్టుకుని చేస్తోంది. ఇలాంటిది దాటివచ్చిన తల్లిదండ్రులు ఎవరైనా ఉంటే, ఇంట్లో రోజువారీగా ఏం చేశారో చెప్పగలరా?

జవాబు: విశాఖ నాన్న

అమ్మా, మీరు రాసిన స్నానాల గది గడియ దగ్గర నేను ఆగిపోయాను, ఎందుకంటే మా ఇంట్లోనూ కథ అక్కడికే వచ్చింది. మా వాడికి ఇప్పుడు 17 ఏళ్లు. 12వ ఏట రాసిన హోంవర్కు చెరిపి మళ్లీ రాయడంతో మొదలై, అక్షరం గుండ్రంగా లేదని పేజీలు చింపే దాకా వెళ్లింది. నేను కోప్పడ్డాను, రబ్బరు దాచేశాను, ఒకసారి నోటుపుస్తకం లాక్కున్నాను కూడా. దానివల్ల జబ్బు తగ్గలేదు సరికదా, వాడు నాకు కనబడకుండా చేయడం నేర్చుకున్నాడు. ఆ ఏడాదిన్నరను తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

థెరపీలో మొదట చేయించిన పని, జబ్బుకు ఒక పేరు పెట్టడం. మా వాడు దానికి “గుమాస్తా” అని పేరు పెట్టాడు, ఎన్ని కాగితాలు ఇచ్చినా “ఇక్కడ ఇంకో సంతకం కావాలి” అంటూ వెనక్కి పంపే గుమాస్తా అన్నమాట. ఆ పేరు వచ్చాక ఇంట్లో మాటల తీరు మారింది. “ఎందుకిలా చేస్తున్నావు” అనడం మానేసి, “గుమాస్తా మళ్లీ కాగితం వెనక్కి పంపాడా” అని అడగడం మొదలుపెట్టాం. వాడూ నేనూ ఒక పక్కన, గుమాస్తా మరో పక్కన నిలబడ్డట్టయింది. మీ అమ్మాయి పెట్టే పేరు వేరే ఏదైనా కావచ్చు, కానీ పేరు పెట్టేది మాత్రం తనే అయివుండాలి.

జవాబు: వృత్తిరీత్యా క్లినికల్ సైకాలజిస్టును

మీ అమ్మాయిని చూడకుండా ఆమె చికిత్స గురించి చెప్పడం సరికాదు కాబట్టి, “సహకరించడం తగ్గించాలి” అన్న ఆ ఒక్క మాటను మాత్రం విడమరచి చెబుతాను.

ఓసీడీలో అక్కర్లేని ఆలోచన ఒకటి చొరబడుతుంది, దాని వెంట భరించలేని భయమో, అసహ్యమో, తప్పు చేశానన్న భావమో వస్తుంది, దాన్ని దించుకోవడానికి పిల్లలు ఒక పని చేస్తారు. చేతులు కడగడం, కళ్లకద్దుకోవడం, మిమ్మల్ని అడగడం, ఈ మూడూ చూడటానికి వేరైనా చేసే పని ఒక్కటే. ఆ పని చేయగానే భయం దిగుతుంది, దాంతో “ఇది చేశాను కాబట్టే నానమ్మ క్షేమంగా ఉంది” అని మెదడు నేర్చుకుంటుంది. మీరు ప్రేమతో చెప్పే “ఏమీ కాదు” కూడా ఆ చక్రంలో ఒక భాగంగా మారిపోతుంది. బ్యాగును మూడుసార్లు తుడవడమూ అంతే. మీ డాక్టరుగారు సహకరించడం అన్నది దీన్నే. ఇందులో తల్లి తప్పేమీ లేదు. బిడ్డ ఏడుస్తుంటే చేయి చాచని తల్లి ఉండదు, అందుకే ఈ జబ్బున్న దాదాపు ప్రతి ఇంట్లోనూ ఇది కనిపిస్తుంది.

ఆ చెడ్డ ఆలోచనల గురించి ఒక్క మాట. అవి ఆమె కోరికలు కావు. ఓసీడీ మనిషికి ఎక్కడ ఎక్కువ ప్రేమ, ఎక్కడ ఎక్కువ భక్తి ఉంటే సరిగ్గా అక్కడే గిల్లుతుంది. నానమ్మంటే ప్రాణం కనుకనే నానమ్మ, దేవుడంటే భయభక్తులు ఉన్నాయి కనుకనే దేవుడి గది. ఈ సంగతి ఆమెకు ఒకసారి నెమ్మదిగా, వివరంగా చెప్పండి. ఒకసారి చెబితే అది అవగాహన, నలభైసార్లు చెబితే అది మళ్లీ “ఏమీ కాదు” కిందకే వస్తుంది.

చికిత్సలో ప్రధానమైనది ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్, క్లుప్తంగా ఈఆర్‌పీ. భయపెట్టే దాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కొంటూ, అలవాటైన ఆ పనిని చేయకుండా ఉండటమే ఇందులోని కిటుకు. 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ అనే సైకాలజిస్టు దీనికి తొలిరూపమైన పద్ధతిని ఆసుపత్రిలో చేరిన ఇద్దరు రోగులపై ప్రయత్నించి ఫలితాలు ప్రచురించారు. అప్పట్లో నర్సులు పక్కనే ఉండి రోగిని ఆపేవారు, ఇప్పుడు పిల్లల విషయంలో బలవంతానికి తావు లేదు. ఏ మెట్టు ముందో, ఏది తర్వాతో బిడ్డతో కూర్చుని నిచ్చెనలా రాసుకుంటాం. ఉదాహరణకు, పుస్తకానికి కాలు తగిలాక ఒక్కసారే అద్దుకోవడం భయంలో పదికి మూడు మార్కులైతే అది తొలి మెట్టు. అద్దుకోవడాన్ని పది నిమిషాలు వాయిదా వేయడం ఐదైతే అది ఆ పైది. కావాలనే కాలు తగిలించి, అద్దుకోకుండా హోంవర్కు చేసుకోవడం తొమ్మిదైతే దాన్ని చాలా వారాల తర్వాత చూస్తాం. భయం దానంతటదే దిగుతుందనీ, దిగకపోయినా భరించవచ్చుననీ అనుభవంతో తెలియడమే ఇక్కడ మందు.

ఇక మీ వంతు. అన్నిటినీ ఒకేసారి మానేయకండి. అలా చేస్తే బిడ్డకు కాళ్లకింది నేల లాగేసినట్టు ఉంటుంది. ఒక్కదాన్ని ఎంచుకోండి, అది ఏ రోజు నుంచి ఎలా మారుతుందో తను ప్రశాంతంగా ఉన్నప్పుడే ముందుగా చెప్పండి, కాగితం మీద రాసి ఇస్తే ఇంకా మంచిది. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఎలీ లెబోవిట్జ్ రూపొందించిన స్పేస్ అనే పద్ధతి ఈ ఆలోచన మీదే నిలబడింది, అందులో థెరపిస్టు పనిచేసేది ప్రధానంగా తల్లిదండ్రులతోనే. ఆ పద్ధతి చెప్పే మాటకు రెండు భాగాలుంటాయి: నీకు చాలా కష్టంగా ఉందని నాకు తెలుసు, నువ్వు దీన్ని తట్టుకోగలవన్న నమ్మకమూ నాకుంది. మొదటి సగం లేకపోతే అది కోప్పడినట్టుంటుంది, రెండో సగం లేకపోతే జాలిపడినట్టుంటుంది. మొదటి రోజుల్లో అడగడం, ఏడవడం చాలాసార్లు పెరుగుతాయి. సరిగ్గా అప్పుడే మనసు కరిగి జవాబు చెబితే, ఇంకా గట్టిగా ఏడిస్తే పని జరుగుతుందని బిడ్డ నేర్చుకుంటుంది. కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లందరూ ఒక్కమాట మీద ఉండగలరన్నంత చిన్న మార్పునే ఎంచుకోండి.

మందుల గురించి చాలామంది తల్లిదండ్రులు భయపడతారు. అమెరికాలో 7 నుంచి 17 ఏళ్ల వయసున్న 112 మందిపై 12 వారాలు జరిపి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, థెరపీతోపాటు సెర్ట్రాలిన్ అనే మందు ఇచ్చిన వారిలో 53.6 శాతం, థెరపీ ఒక్కటే తీసుకున్న వారిలో 39.3 శాతం, మందు ఒక్కటే తీసుకున్న వారిలో 21.4 శాతం మందికి లక్షణాలు దాదాపు లేనంతగా తగ్గాయి. ఉత్తుత్తి మాత్ర తీసుకున్న వారిలో ఆ సంఖ్య 3.6 శాతమే. థెరపీని పక్కన పెట్టి మాత్రలతో సరిపెట్టడం మంచిది కాదనీ, అవసరమైన బిడ్డకు మాత్రలు ఆపడమూ మంచిది కాదనీ నేను దాన్నిబట్టి అర్థం చేసుకున్నాను. మందు మొదలుపెడితే పూర్తి ప్రభావం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. మొదటి వారాల్లో చిరాకు, కునుకు లేకపోవడం, చచ్చిపోవాలన్న మాటలు కనిపిస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలి, మాత్రలను మీ అంతట మీరు ఆపకూడదు. లక్షణాలు నెమ్మదిగా కాక, గొంతునొప్పో జ్వరమో వచ్చాక ఒక్కసారిగా విరుచుకుపడి ఉంటే ఆ సంగతి కూడా తప్పక చెప్పండి, దానికి వేరే పరీక్షలు ఉంటాయి.

జవాబు: తెనాలి అమ్మమ్మ

మీ అత్తగారి మాట వచ్చింది కాబట్టి పెద్దదాన్ని నేనూ రాస్తున్నాను. యాభై ఏళ్లు మడి కట్టుకుని వంట చేసినదాన్ని. మా మనవడికి ఇది వచ్చినప్పుడు, మా ఇంటి ఆచారమే వాణ్ని ఇలా చేసిందని కోడలు లోలోపల అనుకుందేమోనని నేను కుమిలిపోయాను. సైకాలజిస్టు ఆవిడ అలా కాదని చెప్పారు. తర్వాత ఆలోచిస్తే నాకూ తేడా తెలిసింది. మడికి ఒక వేళ ఉంటుంది, వంట అయిపోయి నైవేద్యం పెట్టాక మడిబట్ట విప్పేస్తాం. మైల అయినా ఒక్క స్నానంతో పోతుంది. చేశాక మనసుకు హాయిగా ఉంటుంది, ఒంట్లో బాగాలేని రోజున మానేసినా శాస్త్రం ఒప్పుకుంటుంది. మా వాడి స్నానానికి అయిపోవడమంటూ లేదు. ఎంత చేసినా “చాలు” అన్న మాట లోపలి నుంచి రాదు, వాడి కళ్లలో హాయి అన్నది నేను ఒక్కసారీ చూడలేదు.

మరొక తప్పు కూడా చెప్పుకోవాలి. చెడు ఆలోచనలకు ప్రాయశ్చిత్తం ఏదైనా చెప్పమని నేనే తెలిసిన పురోహితులను అడిగాను. ఆయన మంచి మనసుతో రోజూ పదకొండుసార్లు నామం చెప్పుకోమన్నారు. వాడు పదకొండోసారి సరిగా పలకలేదని మళ్లీ మొదలుపెట్టేవాడు, అలా తెల్లవారుజాము దాకా కూర్చున్న రోజులున్నాయి. మొక్కులు, తాయెత్తులు మీ నమ్మకం కొద్దీ మీరు చేసుకోండి కానీ, బిడ్డ చేతికి మాత్రం మరో లెక్క ఇవ్వకండి. మీ అత్తగారిని పక్కన పెట్టకుండా సైకాలజిస్టు దగ్గరకు వెంట తీసుకువెళ్లండి, బిడ్డ భయమంతా ఆవిడ చుట్టూనే ఉంది కదా.

జవాబు: ఒకప్పటి హాస్టల్ విద్యార్థి

నాకు ఇప్పుడు 24 ఏళ్లు. ఇంటర్మీడియట్ హాస్టల్లో ఉన్న రెండేళ్లూ ఈ జబ్బును ఎవరికీ చెప్పకుండా దాచాను. ఆదివారం ఫోన్‌లో అమ్మను అదే ప్రశ్న అడిగేవాణ్ని. అమ్మ “ఏమీ కాదురా” అన్నప్పుడు నేను ఆ మాట వినేవాణ్ని కాదు, ఆ గొంతు తొందరగా ఉందా, అనుమానంగా ఉందా అని వెతికేవాణ్ని. ఏ కాస్త తేడా అనిపించినా మళ్లీ అడగాల్సివచ్చేది. అందువల్ల అడిగేవాళ్లకు ఎన్ని జవాబులు చెప్పినా సరిపోవని తల్లులకు తెలిస్తే బాగుంటుందని రాస్తున్నాను. థెరపీ మొదలయ్యాక అమ్మ “ఇది ఓసీడీ అడిగే ప్రశ్నలా ఉంది, దీనికి నేను జవాబు చెప్పను, కానీ ఫోన్ మాత్రం పెట్టను” అనేది. ఆ తర్వాత ఇంట్లో కూరేమిటో, పక్కింటి గొడవలేమిటో చెబుతూ ఉండేది. ఆ ఫోన్ పెట్టకపోవడమే నాకు ఆసరా అయింది.

హనుమకొండ అమ్మ

అందరికీ నమస్కారాలు. రెండు సందేహాలు మిగిలాయి. స్కూల్లో చెప్పాలా, వద్దా? మా ఊళ్లో థెరపిస్టు వారానికోసారి కూడా దొరకడం కష్టంగా ఉంది, అప్పుడేం చేయాలి?

జవాబు: వృత్తిరీత్యా క్లినికల్ సైకాలజిస్టును

క్లాసు టీచరుకు మాత్రం చెప్పండి, మీ అమ్మాయి ఒప్పుకున్నాకే చెప్పండి, క్లాసులో మిగతా పిల్లల ముందు ఎత్తవద్దని స్పష్టంగా కోరండి. రాసింది చెరిపి మళ్లీ రాయడం, మాటిమాటికీ చేతులు కడగడానికి వెళ్లడం గమనిస్తే, తిట్టకుండా ఇంటికి కబురు చేస్తే చాలు.

రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టును చూసుకోండి, ఈఆర్‌పీ చేస్తారా అని మొదటే అడగండి, ఊరికే ధైర్యం చెప్పి పంపే కౌన్సెలింగ్ ఈ జబ్బుకు సరిపోదు. వీడియోలో చేసే థెరపీ కూడా చాలామంది పిల్లలకు పనిచేస్తుంది, పైగా భయాలు ఇంట్లోనే ఉంటాయి కాబట్టి కొన్నిసార్లు అదే మేలు. ప్రభుత్వపరంగా హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖపట్నంలో చినవాల్తేరు మానసిక వైద్యశాలలు ఉన్నాయి, బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో ఓసీడీకే ప్రత్యేక క్లినిక్ ఉంది. “ఎర్రగడ్డ” అన్న పేరును మనవాళ్లు వెటకారానికి వాడి వాడి, అక్కడికి వెళ్లాల్సిన బిడ్డలను ఆపేశారన్నది నా బాధ. అర్ధరాత్రి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బు ఖర్చు ఉండదు.

హనుమకొండ అమ్మ

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. వీడియోలో థెరపీ మొదలైంది. బ్యాగు తుడవడాన్ని మొదటి మార్పుగా ఎంచుకుని, మూడుసార్ల నుంచి ఒక్కసారికి తగ్గిస్తామని కాగితం మీద రాశాం. మొదటి నాలుగు రోజులూ బ్యాగు రాత్రంతా గుమ్మంలోనే ఉంది, నేనూ నిద్రపోలేదు. ఐదో రోజున తనే లోపలికి తెచ్చుకుంది. జబ్బుకు “అత్తారింటి ఆరా” అని పేరు పెట్టింది, ఎవరిని చూసి పెట్టిందో నేను అడగలేదు. ప్రశ్నలు ఇంకా ఉన్నాయి, వాటి జోలికి వచ్చే నెలలో వెళ్దామన్నారు. కాగితం కింద మేమందరం సంతకాలు చేస్తుంటే, తను కలం తీసుకుని ఒక షరతు చేర్చింది: నాన్న కూడా రాత్రిపూట గ్యాసు రెగ్యులేటరును ఒక్కసారే చూడాలట. మా వారు సంతకం పెట్టడానికి కాసేపు ఆలోచించారు.