హతసాక్షి జస్టిన్ సంస్మరణ సభ: నాటిక, పఠనం, కానుక పనుల గురించి

సమన్వయకర్త:
సంఘ సభ్యులందరికీ వందనాలు. రెండవ శతాబ్దపు క్రైస్తవ తత్త్వవేత్త, హతసాక్షి జస్టిన్‌ను స్మరించే జూన్ 1 ఈసారి సోమవారం వచ్చినందున, సంస్మరణ సభను ముందురోజు ఆదివారం ఆరాధన ముగిశాక జరుపుకుందాము. నాటిక చిత్తుప్రతి చదివాను. చివరి రంగంలో సింహాలు ఉన్నాయి, కాని సుమారు 165లో రోములో జస్టిన్‌కు విధించినది కొరడా దెబ్బలు, శిరచ్ఛేదం. పిల్లలకు సింహం తొడుగులు కుట్టించారని విన్నాను, అయినా తీసివేయక తప్పదు. న్యాయపీఠం మీద ఉండవలసినవాడు కూడా చక్రవర్తి మార్కస్ ఆరేలియస్ కాదు, నగరాధిపతి జూనియస్ రస్టికస్. ఆయన ఆ చక్రవర్తికి స్తోయిక తత్త్వం (గ్రీకు తాత్త్విక మార్గాలలో ఒకటి) బోధించిన గురువు కనుక, తత్త్వం చదివినవాడే తత్త్వవేత్తకు శిక్ష వేస్తున్నాడన్న సంగతి ప్రేక్షకులకు అందితే చాలు, సింహాల అవసరం ఉండదు.

నాటిక బాధ్యుడు:
అలాగే అన్నయ్యా, మారుస్తాను. విచారణలో జస్టిన్‌తో పాటు మరో ఆరుగురు నిలబడ్డారు. వారిలో ఖరితో అనే స్త్రీ, ఎవెల్పిస్తు అనే చక్రవర్తి దాసుడు ఉన్నారు కాబట్టి సింహం వేషాల పిల్లలందరికీ పాత్రలు దొరికినట్టే. మీరెక్కడ కూడుకుంటారని రస్టికస్ అడిగితే, తాను ఒక స్నానశాల మేడమీద ఉంటున్నానని, వచ్చినవారికి అక్కడే బోధించానని జస్టిన్ చెప్పిన జవాబును ఉన్నదున్నట్టుగా ఉంచుతాను. మొదటి రంగంలో, సమరయలోని నెయాపొలిలో, అంటే నేటి పాలస్తీనాలోని నాబ్లుస్‌లో పుట్టిన ఆ యువకుడు గురువుల వెంట తిరుగుతాడు. అరిస్టాటిల్ మార్గీయుడు ముందుగా ఫీజు సంగతి తేల్చమంటాడు, పైథాగరస్ మార్గీయుడు సంగీతం, ఖగోళం, రేఖాగణితం నేర్చుకొని రమ్మంటాడు. చివరకు సముద్రతీరంలో ఒక వృద్ధుడు ప్రవక్తల లేఖనాలను చదవమంటాడు. ఆ వృద్ధుడి పాత్రకు మన పెద్దలలో ఒకరు ముందుకు రావాలి. క్రైస్తవుడయ్యాక కూడా జస్టిన్ తత్త్వవేత్తల పైవస్త్రాన్ని విడువలేదు కనుక ఎవరింట్లోనైనా పెద్ద పాత శాలువా ఉంటే తీసుకురండి.

పఠనం బాధ్యురాలు:
అనువాదంలో ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. లోగోస్‌తో జీవించినవారు, క్రీస్తుకు ముందరి గ్రీకు తత్త్వవేత్తలు సోక్రటీసు, హెరాక్లీటస్ వంటివారు సైతం, క్రైస్తవులేనని జస్టిన్ క్రైస్తవుల పక్షాన చేసిన తన మొదటి విజ్ఞాపనలో వ్రాశాడు. ‘ఆదియందు వాక్యముండెను’ అన్న మన బైబిలును అనుసరించి ‘వాక్యంతో జీవించిన సోక్రటీసు’ అని చదివితే, మన సంఘంలో వాక్యమంటే బైబిలు భాగమే కాబట్టి, సోక్రటీసు ఉదయాన్నే వాక్యం చదువుకునేవాడని పిల్లలు అనుకుంటారు. అందుచేత ‘లోగోస్’ అనే ఉంచి, అది వాక్కునూ వివేకాన్నీ కలిపి చెప్పే గ్రీకు మాట అని ముందుగా ఒక ముక్క చెప్తాను.

కానుక బాధ్యురాలు:
సుమారు 155లో చక్రవర్తి అంటోనినస్ పయస్‌కు వ్రాసిన ఆ విజ్ఞాపనలోనే, 67వ అధ్యాయంలో, ఆదివారపు కూడిక వర్ణన ఉన్నది. అపొస్తలుల జ్ఞాపకాలనూ ప్రవక్తల వ్రాతలనూ సమయం ఉన్నంతసేపు చదివి, రొట్టెను, నీళ్లు కలిపిన ద్రాక్షారసాన్ని పంచుకొని, రాలేనివారికి పరిచారకుల చేత పంపేవారు. కలిగినవారు ఇష్టపూర్వకంగా ఇచ్చినది అనాథలకు, విధవరాండ్రకు, రోగులకు, చెరలో ఉన్నవారికి, పరదేశులకు చేరేది. కాబట్టి అక్కయ్యా, ముందుగా మీరు ఆ అధ్యాయం చదవండి, వెంటనే కానుక పళ్లెం తిప్పుదాము. భోజనాలలో ఇరవై డబ్బాలు విడిగా కట్టించి, రాలేని పెద్దవారి ఇళ్లకు ఆ సాయంత్రమే అందించాలి. దీనికి కారు ఉన్నవారు నలుగురు కావాలి, గురువారంలోగా ఇక్కడే పేర్లు ఇవ్వండి.