‘టూ మెనీ క్లయింట్స్’ దోషం: డేటాబేస్ పరిమితి పెంచాలా, పూల్ తగ్గించాలా?

గోదావరి గట్టు:
మా స్ప్రింగ్ బూట్ (జావా) అప్లికేషన్ ఎనిమిది ఇన్‌స్టాన్సులుగా, అంటే ఒకేసారి నడిచే ఎనిమిది ప్రతులుగా, నడుస్తోంది. వాటన్నిటికీ నాలుగు కోర్ల యంత్రంపై ఒకే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఉంది. రోజంతా ఏ ఇబ్బందీ ఉండదు, కానీ కొత్త వెర్షన్ విడుదల చేసిన ప్రతిసారీ ‘టూ మెనీ క్లయింట్స్ ఆల్రెడీ’ అన్న దోషం వస్తోంది. డేటాబేస్ ఒకేసారి అనుమతించే కనెక్షన్ల పరిమితి అయిన మ్యాక్స్ కనెక్షన్స్ విలువను 100 నుంచి 500కు పెంచితే చాలునని బృందంలో సగం మంది వాదిస్తున్నారు. మీరేమంటారు?

రాత్రి షిఫ్ట్:
పెంచండి. ఆ 100 పోస్ట్‌గ్రెస్‌తో పాటు వచ్చిన సంఖ్యే తప్ప మీ యంత్రాన్ని చూసి పెట్టినది కాదు. పైగా 2021లో వచ్చిన 14వ వెర్షన్ నుంచి ఖాళీగా ఉన్న కనెక్షన్ల భారం బాగా తగ్గింది. సర్వర్‌ను ఒకసారి రీస్టార్ట్ చేయవలసి ఉంటుంది, అంతే.

పాత లాగ్:
లెక్క వేయకుండా పెంచమనడం నాకు సమ్మతం కాదు. సెట్టింగులు మార్చకపోతే హికారీ పూల్ (అప్లికేషన్ ముందే తెరిచి పెట్టుకుని మళ్లీ మళ్లీ వాడుకునే కనెక్షన్ల గుంపు) ఒక్కో ఇన్‌స్టాన్సుకు 10 కనెక్షన్లు తెరుస్తుంది. ఖాళీగా కనీసం ఎన్ని ఉంచాలో చెప్పే మినిమమ్ ఐడిల్ విలువ కూడా అంతే కనుక, పని ఉన్నా లేకున్నా ఆ పదీ తెరిచే ఉంటాయి. అంటే మామూలుగా 80. విడుదల వేళ పాతవి ఆగకముందే కొత్త ఎనిమిదీ లేస్తే 160 కావాలి, అయితే సూపర్‌యూజర్ (డేటాబేస్ నిర్వాహకుడు) కోసం పక్కన పెట్టిన 3 పోను మీకు దక్కేవి 97 మాత్రమే. ఆ కాసేపే దోషం రావడానికి కారణం ఇదే. పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి కనెక్షనూ ఒక ప్రత్యేక ప్రాసెస్, నాలుగు కోర్ల మీద 160 క్వెరీలు ఒకేసారి పడితే ఏదీ త్వరగా తెమలదు. పూల్‌ను 5 చేయండి, విడుదల వేళ కూడా 80 దాటదు.

రాత్రి షిఫ్ట్:
లెక్క ఒప్పుకుంటాను. కానీ ఆ అయిదూ చాలకపోతే రిక్వెస్టులు పూల్ ముందు వరుస కట్టి, 30 సెకన్లు దాటగానే విఫలమవుతాయి. దోషం చోటు మారుతుందే గాని పోదు.

పాత లాగ్:
వరుస కడితే కనెక్షన్‌ను ఎవరు పట్టుకుని కూర్చున్నారో చూడాలి. ప్రతి కనెక్షన్ ఏం చేస్తోందో చూపే పీజీ స్టాట్ యాక్టివిటీలో ‘ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్’ (ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి ముగించకుండా ఖాళీగా ఉన్నవి) అని ఎన్ని కనెక్షన్లు కనబడుతున్నాయి?

గోదావరి గట్టు:
చాలానే ఉన్నాయి. ఓటీపీ పంపే కాల్ ట్రాన్సాక్షన్ లోపలే ఉండటంతో, ఎస్సెమ్మెస్ గేట్‌వే జవాబిచ్చేదాకా కనెక్షన్ ఏ పనీ లేకుండా చిక్కుకుపోతోంది. దాన్ని బయటికి తీసి, టెస్టు సర్వర్‌లో పూల్‌ను 5 చేసి, పదహారు ఇన్‌స్టాన్సులనూ ఒకేసారి లేపి చూశాం. దోషం రాలేదు.

రాత్రి షిఫ్ట్:
మంచిదే. అయినా విడుదల వేళ మిగిలే ఆ 17 కనెక్షన్లలోనే మీ రిపోర్టులూ, నిర్ణీత వేళకు వాటంతటవే నడిచే క్రాన్ జాబులూ సర్దుకోవాలని మరచిపోకండి. నెలాఖరు రద్దీ గడిస్తే గాని 5 చాలుతుందని నేను ఒప్పుకోను.