ప్రభుత్వ సంస్థలో సీనియర్ హెచ్‌ఆర్ అనలిస్ట్ అసలు చేసే పని ఏమిటి?

ప్రశ్న: ఆసుపత్రి హెచ్‌ఆర్ ఉద్యోగిని, విజయవాడ

పెద్దలకు నమస్కారం. విజయవాడలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో హెచ్‌ఆర్ విభాగంలో కొన్నేళ్లుగా పని చేస్తున్నాను. నియామకాలు, హాజరు, జీతాలు, పీఎఫ్, ఈఎస్‌ఐ లెక్కలు, నర్సుల డ్యూటీ చార్టులు అన్నీ చూసిన అనుభవం ఉంది. ఇటీవల ఒక ప్రభుత్వ సంస్థ కాంట్రాక్టు పద్ధతిలో సీనియర్ హెచ్‌ఆర్ అనలిస్ట్ పోస్టుకు దరఖాస్తులు కోరితే నేనూ పెట్టుకున్నాను. ప్రకటనలో మాత్రం మానవ వనరుల ప్రణాళిక, క్యాడర్ (ఒకే రకం పోస్టుల శ్రేణి) సమీక్ష, సమాచార విశ్లేషణ అని ఒక్క వాక్యంతో సరిపెట్టారు.

ప్రభుత్వ కార్యాలయాల్లో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ ఎప్పటి నుంచో ఉంది. సర్వీస్ రిజిస్టర్లు, ఇంక్రిమెంట్లు, సెలవులు, పదోన్నతుల ఫైళ్లు అక్కడే నడుస్తాయి. అలాంటప్పుడు అనలిస్ట్ అనే మనిషి అదనంగా చేసేదేమిటి? నా అనుభవంలో పనికివచ్చేది ఎంత, కొత్తగా నేర్చుకోవలసింది ఎంత? ఆ పనిలో ఉన్నవారు, ఉండి వచ్చినవారు వివరంగా చెబితే ఇంటర్వ్యూకు సిద్ధమవుతాను.

జవాబు: విశ్రాంత సూపరింటెండెంట్, గుంటూరు

అమ్మా, నేను గుంటూరులో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లోనే సర్వీసులో ఎక్కువ భాగం గడిపి రిటైరయ్యాను. మా కాలంలో అనలిస్ట్ అనే పోస్టు లేదు గానీ ఆ పని మాత్రం ఉండేది. పై నుంచి ‘మీ శాఖలో వచ్చే మూడేళ్లలో ఎన్ని ఖాళీలు వస్తాయి, వాటిలో పదోన్నతికి ఎన్ని, నేరుగా భర్తీకి ఎన్ని’ అని ఉత్తరం వచ్చినప్పుడల్లా సెక్షన్‌లో అందరమూ రిజిస్టర్లు ముందేసుకుని కూర్చునేవాళ్లం. రోజూ ఒక్కొక్కరి ఫైలు చూసుకునే మాకు క్యాడర్ మొత్తాన్ని ఒకచోట పరచి చూసే తీరిక అప్పుడు మాత్రమే, అదీ హడావిడిగా దొరికేది. ఆ పనినే ఏడాది పొడవునా, నిదానంగా, ముందుచూపుతో చేసే మనిషి ఒకరు ఉండాలని నేను సర్వీసులో ఉన్నన్నాళ్లూ కోరుకున్నాను. అందుకే మీ ప్రశ్నకు కాస్త పెద్ద జవాబే రాస్తున్నాను.

మొదట ఖాళీల లెక్క సంగతి. పుట్టినతేదీలు చూసి ఎవరు ఎప్పుడు రిటైరవుతారో కూడితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. మన రాష్ట్రంలో ఉద్యోగ విరమణ వయసును 2014లో 58 నుంచి 60కి, 2022 జనవరి నుంచి 62కి పెంచారు. దాంతో 2022, 2023 సంవత్సరాల్లో వయసు నిండి దిగిపోయినవారు దాదాపు లేరు. ఆగిన విరమణలు 2024లో మళ్లీ మొదలయ్యాయి. గత ఐదేళ్ల విరమణలకు సగటు కట్టి వచ్చే ఏడాదికి అంచనా వేసేవారు ఈ సంగతి గుర్తుంచుకోకపోతే ఖాళీలను బాగా తక్కువగా చూపుతారు. పైన ఉన్నవారు దిగనప్పుడు కింది క్యాడర్‌లో పదోన్నతులు కూడా నిలిచిపోతాయి కాబట్టి, ఆ రెండేళ్ల ప్రభావం ఒక్క మెట్టుతో ఆగకుండా జూనియర్ అసిస్టెంట్ దాకా దిగుతుంది. పదోన్నతుల ప్యానెల్ (అర్హుల జాబితా) సంవత్సరం సెప్టెంబరు 1న మొదలై మరుసటి ఆగస్టు 31తో ముగుస్తుందన్నది కూడా మరవకండి. జనవరి నుంచి డిసెంబరు దాకా గానీ, ఏప్రిల్ నుంచి మార్చి దాకా గానీ కట్టిన లెక్క డీపీసీ (శాఖాపరమైన పదోన్నతుల కమిటీ) ముందు పనికిరాదు.

రెండోది స్థానికత. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1975లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు స్థానిక నియామకాల కోసం కొన్నేసి జిల్లాలను జోన్లుగా కలిపింది. అందులో కృష్ణా జిల్లాను రెండో జోన్‌లో, గుంటూరు జిల్లాను మూడో జోన్‌లో పెట్టారు. విజయవాడ నుంచి ప్రకాశం బ్యారేజీ దాటి తాడేపల్లిలో అడుగుపెట్టిన మనిషికి ఊరు మారినట్టే అనిపించదు, కానీ జోనల్ క్యాడర్ ఉద్యోగికి మాత్రం ఆ ఉత్తర్వు ప్రకారం సీనియారిటీ జాబితాయే మారిపోతుంది. 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయినా నియామకాల్లో పాత జిల్లాలే యూనిట్లుగా కొనసాగాయి; 2025లో 16,347 పోస్టులతో వచ్చిన మెగా డీఎస్సీని కూడా ఉమ్మడి జిల్లాల వారీగానే నిర్వహించారు. అందుచేత పల్నాడులో ఇన్ని ఖాళీలు, బాపట్లలో ఇన్ని అని మీరు ఎంత అందమైన పట్టిక తయారుచేసినా, దాన్ని ఉమ్మడి జిల్లాల లెక్కలోకి మార్చి చూపకపోతే ఆ ఫైలు వెనక్కి వస్తుంది. ముందు నిబంధన చదివి, ఆ తర్వాతే అంకెల జోలికి వెళ్లే అలవాటు చేసుకోండి.

జవాబు: తెనాలి వాసి, ప్రస్తుతం కాలిఫోర్నియాలో కౌంటీ ఉద్యోగి

మేడమ్ గారికి నమస్కారం. ఈ హోదా పేరు అమెరికాలోని నగర, కౌంటీ ప్రభుత్వాల్లో బాగా వాడుకలో ఉంది. నేను అలాంటి చోటే పని చేస్తున్నాను కాబట్టి ఇక్కడ ఆ మనిషి ఏం చేస్తారో రాస్తాను. అక్కడి పరిస్థితికి ఎంతవరకు సరిపోతుందో మీరే చూసుకోండి.

ఇక్కడ సీనియర్ అనలిస్ట్ సమయంలో పెద్ద వాటా ఉద్యోగాల వర్గీకరణకు పోతుంది. ‘నా హోదాకు మించిన పని నాచేత చేయిస్తున్నారు’ అని ఒక గుమాస్తా అర్జీ పెడితే, అనలిస్ట్ వెళ్లి ఆ గుమాస్తా పక్కన కూర్చుని ఏ పనికి ఎంత సమయం పడుతుందో, ఏ నిర్ణయం తానే తీసుకుంటున్నాడో, ఏది పై అధికారికి పంపుతున్నాడో అడిగి రాసుకుంటారు. దీన్ని డెస్క్ ఆడిట్ అంటారు. తర్వాత పై అధికారితో మాట్లాడి, అదే హోదాలో ఉన్న మిగతావారి పనితో పోల్చి, హోదా మార్చాలా వద్దా అని నివేదిక ఇస్తారు. ఆ మనిషి ఎంత కష్టజీవి, ఎన్నేళ్లుగా నమ్మకంగా ఉన్నాడు అన్నవి ఆ నివేదికలోకి రాకూడదు. గ్రేడు పనికే గానీ మనిషికి కాదు. ఈ గీత దాటకుండా ఉండటం నాకు ఇప్పటికీ ఈ ఉద్యోగంలో అన్నిటికంటే కష్టమైన విషయం, ఎందుకంటే ఎదురుగా కూర్చున్న మనిషి కష్టం కళ్లకు కనబడుతూనే ఉంటుంది.

నియామక పరీక్షల మీద కూడా అనలిస్టుకు కన్ను ఉండాలి. 1978 నాటి ఫెడరల్ మార్గదర్శకాల్లో ఐదింట నాలుగు వంతుల సూత్రం ఒకటుంది. ఉదాహరణకు పరీక్ష రాసిన పురుషుల్లో నూటికి 60 మంది, మహిళల్లో నూటికి 45 మంది ఎంపికైతే, రెండో సంఖ్య మొదటిదానిలో 75 శాతమే అవుతుంది. 80 శాతానికి తగ్గింది గనుక ఆ పరీక్ష ఒక వర్గానికి ప్రతికూలంగా ఉందేమో అని వెంటనే ఆరా తీయాలి. పరీక్షలో అడిగినవి నిజంగా ఆ ఉద్యోగానికి అవసరమైనవేనని చూపగలిగితే సరే, లేకపోతే పరీక్షనే మార్చుకోవాలి.

ప్రతిభను బట్టే ప్రభుత్వోద్యోగం ఇవ్వాలన్న పట్టింపు ఇక్కడ ఊరికే రాలేదు. కోరిన కొలువు దక్కలేదన్న అక్కసుతో ఒకడు 1881లో అధ్యక్షుడు గార్ఫీల్డ్‌ను కాల్చాడు. ఆ గాయంతోనే ఆయన మరణించాక, 1883లో పెండిల్టన్ చట్టం వచ్చి ఫెడరల్ ఉద్యోగాల్లో కొన్నిటికి పోటీ పరీక్షలు తప్పనిసరి చేసింది.

జవాబు: ఔట్‌సోర్సింగ్ పర్యవేక్షకుడు, మంగళగిరి

పై ఇద్దరూ పని గురించి చక్కగా రాశారు, కానీ అధికారం గురించి ఎవరూ మాట్లాడలేదు. కాంట్రాక్టు మీద వచ్చిన అనలిస్ట్‌కు ఫైలు మీద సంతకం ఉండదు, సెక్షన్ వారు రిజిస్టర్లు అంత తేలిగ్గా చేతికివ్వరు. నేను చూసిన ఒక కార్యాలయంలో అలా వచ్చిన యువకుడి చేత ఏడాదంతా సమీక్షా సమావేశాలకు స్లైడ్లు చేయించుకున్నారు. మేడమ్ గారు చేరే ముందే తన నివేదిక ఎవరికి వెళుతుంది, మూల రికార్డు చూసే అనుమతి ఉంటుందా అన్నది అడిగి తేల్చుకోవాలి. లేకపోతే ఆసుపత్రి ఉద్యోగమే మేలు.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. మంగళగిరి వారు చెప్పిన మాట నన్ను ఆలోచనలో పడేసింది. ఆసుపత్రిలో ఒక వార్డుకు నర్సులు తక్కువయ్యారని నేను లెక్క చూపితే, యాజమాన్యం ఒప్పుకుంటే వారంలో మనుషులు వస్తారు, ఒప్పుకోకపోతే అక్కడితో సరి. ప్రభుత్వంలో నా లెక్క పై అధికారికి నచ్చకపోతే ఏం జరుగుతుంది? అంకె మార్చి రాయమంటే ఏం చేయాలి?

జవాబు: ప్రభుత్వ శాఖలో హెచ్‌ఆర్ సమాచార విశ్లేషకుడు, విజయవాడ

మేడమ్, నేను ఇలాంటి పోస్టులోనే ఉన్నాను కాబట్టి మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. నిర్ణయం అధికారిది, అంకె మాత్రం మీది. ఇన్ని పోస్టులు అవసరమని మీరు రాసినప్పుడు ఆర్థిక శాఖ అన్ని ఇవ్వదని అధికారికి తెలిస్తే, తక్కువ పోస్టులు అడగాలని ఆయన నిర్ణయించవచ్చు. అది ఆయన హక్కు. ఆ నిర్ణయానికి అనుగుణంగా అవసరాన్నే తగ్గించి చూపమంటే ఒప్పుకోకూడదు. మర్యాదగా, ‘సార్, అవసరం ఇంత, అడుగుతున్నది ఇంత, తేడాను ఈ విధంగా సర్దుకోవచ్చు’ అని రెండూ నోట్‌లో పక్కపక్కన పెట్టండి. నేను చూసినంతవరకు చాలామంది అధికారులు దీనికి అభ్యంతరం చెప్పరు, ఎందుకంటే రేపు ఎవరైనా అమరావతిలోని హైకోర్టుకు వెళితే శాఖ తరఫున కౌంటర్ వేయడానికి ఆ నోటే ఆధారం. ఫైళ్లను కంప్యూటర్‌లో నడిపే ఈ-ఆఫీస్ వచ్చాక ఎవరు ఏ తేదీన ఏమి రాశారో చెరిగిపోదు.

మంగళగిరి వారి హెచ్చరిక సరైనదే. అయితే ఉద్యోగం వదులుకోవలసినంత కారణం అది కాదని నా అభిప్రాయం. సెక్షన్ వారు రిజిస్టర్లు ఇవ్వకపోవడానికి కారణం ఎక్కువసార్లు భయమే. వారి రికార్డులో తప్పు దొరికితే మీరు నేరుగా పైకి రాస్తారేమోనని వారి సందేహం. దొరికిన తప్పును ముందు వారికే చూపి, వారి చేతనే సరిచేయిస్తే, రెండోసారి వారే పిలిచి మరీ చూపిస్తారు.

చేరిన తొలి నెలల్లో మీరు విశ్లేషణ అనేదే చేయరు, మూడు జాబితాలను కలపడంతోనే సరిపోతుంది. పోస్టులు మంజూరు చేసిన జీవోలు ఒక చోట ఉంటాయి, సీఎఫ్‌ఎంఎస్ (ప్రభుత్వ ఆర్థిక లావాదేవీల కంప్యూటర్ వ్యవస్థ) నంబర్ల మీద జీతాలు తీసుకుంటున్నవారి జాబితా మరో చోట ఉంటుంది, సర్వీస్ రిజిస్టర్లు ఇంకో చోట ఉంటాయి. ఈ మూడూ ఒకే సంఖ్య చెప్పిన శాఖను నేను చూడలేదు. డిప్యుటేషన్ మీద వేరే శాఖకు వెళ్లిన ఉద్యోగి ఇక్కడి జీతాల జాబితాలో కనిపించడు, కానీ అతనికి ఈ పోస్టు మీద లియన్ (తిరిగొచ్చే హక్కు) ఉంటుంది గనుక ఆ పోస్టును పూర్తి ఖాళీగా చూపి భర్తీకి పంపితే అతను తిరిగొచ్చిన రోజు ఇద్దరికి ఒకే కుర్చీ అవుతుంది. ఆప్కాస్ (రాష్ట్ర ప్రభుత్వ ఔట్‌సోర్సింగ్ కార్పొరేషన్) ద్వారా పని చేస్తున్న ఔట్‌సోర్సింగ్ సిబ్బంది మంజూరైన పోస్టుకు ఎదురుగా ఉన్నారా, అదనంగా ఉన్నారా అన్నది ఒక్కొక్కరి విషయంలో విడిగా చూడాలి.

ఇంటర్వ్యూలో అడిగే అవకాశం ఉన్న ఒక ఉదాహరణ చెబుతాను. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ, వార్డు సచివాలయాలు రాష్ట్రంలో 15,004 ఉన్నాయి. మొదట ఊరి పరిమాణంతో పని లేకుండా అన్ని గ్రామ సచివాలయాలకూ దాదాపు ఒకే నమూనాలో సిబ్బందిని ఇచ్చారు. 2025లో హేతుబద్ధీకరణ చేసినప్పుడు జనాభా 2,500 లోపు ఉంటే ఆరుగురు, 3,500 వరకు ఏడుగురు, అంతకు మించితే ఎనిమిది మంది అని విభజించారు. ‘ఈ కొలమానం గురించి మీ అభిప్రాయం ఏమిటి’ అని అడిగితే బాగుందనో బాగాలేదనో చెప్పి ఊరుకోకండి. జనాభా అనేది పనిభారానికి ఒక గుర్తు మాత్రమే. సాగు విస్తీర్ణం ఎక్కువగా ఉన్న డెల్టా గ్రామంలో వ్యవసాయ సహాయకుడి పని, విజయవాడ చుట్టుపక్కల ఇళ్ల నిర్మాణం జోరుగా సాగే పంచాయతీలో ఇంజినీరింగ్ సహాయకుడి పని జనాభాతో పాటు పెరగవు, తరగవు. అర్జీల సంఖ్య, విస్తీర్ణం, కట్టడాల అనుమతులు కూడా చూసి ఏ సహాయకుడిని ఎక్కడ రెండు ఊళ్ల మధ్య పంచవచ్చో చెప్పగలిగితే మీరు పని అర్థం చేసుకున్నట్టు వారికి తెలుస్తుంది.

రిజర్వేషన్ల రోస్టర్, అంటే ఏ వరుస ఖాళీ ఏ వర్గానికో చెప్పే పట్టిక, కూడా చదువుకోండి. 2025లో ఎస్సీ వర్గీకరణలో 15 శాతాన్ని 1, 6.5, 7.5 శాతాలుగా మూడు గ్రూపులకు పంచారు. నూరు పాయింట్లలో అరపాయింటు పెట్టలేం కాబట్టి 200 పాయింట్ల రోస్టర్ అవసరమైంది. మీ ఆసుపత్రి అనుభవంలో నర్సుల డ్యూటీ చార్టులు ఈ ఉద్యోగంలో బాగా పనికివస్తాయి. ఎంత పనికి ఎంతమంది కావాలో పడకల లెక్కన కట్టిన అలవాటు మా కార్యాలయాల్లో చాలామందికి లేదు. ఆ చార్టుల్లో ఒకదాన్ని, రోగుల పేర్లు, నర్సుల పేర్లు తీసేసి, యాజమాన్యం అనుమతితో ఇంటర్వ్యూకు తీసుకెళ్లండి.