అపార్ట్‌మెంట్ అప్లికేషన్ తిరస్కరించారు, రిపోర్టులో నాది కాని ఎవిక్షన్ ఉంది: ఎలా సరిచేయించాలి, కట్టిన డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: ఇర్వింగ్, టెక్సస్ నుంచి

అందరికీ నమస్కారం. ఇద్దరం కలిసి ఇర్వింగ్‌లో రెండు బెడ్‌రూమ్‌ల అపార్ట్‌మెంట్‌కి అప్లై చేశాం. అప్లికేషన్ ఫీజు మనిషికి 75 డాలర్లు, అడ్మిన్ ఫీజు 200, అప్లికేషన్ డిపాజిట్ 150, మొత్తం 500 ఆన్‌లైన్‌లో కట్టాం. మూడో రోజు 'ఆమోదించలేకపోతున్నాం' అని రెండు లైన్ల మెయిల్ వచ్చింది. ఫోన్ చేస్తే, ఒహైయోలో నా పేరు మీద ఎవిక్షన్ (అద్దె ఇల్లు ఖాళీ చేయించే) కేసు ఉన్నట్టు, నా గురించి తెప్పించుకున్న రిపోర్టులో వచ్చిందన్నారు. నేను ఒహైయోలో ఎప్పుడూ లేను. ఓపీటీ (చదువయ్యాక పనిచేసే అనుమతి) మీద ఉన్నాను, ఎస్‌ఎస్‌ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) వచ్చి 14 నెలలు. ఇంటిపేరు రెడ్డి, పేరు కూడా చాలామందికి ఉండేదే. ఇప్పుడున్న లీజుకి ఇంకా 30 రోజులే ఉంది. 500లో ఎంత వెనక్కి వస్తుంది? వేరేచోట అప్లై చేస్తే మళ్లీ ఇదే రిపోర్టు వస్తుందా?

జవాబు: డాలస్ నుంచి

ముందు మీ రెండో ప్రశ్న. అవును, వస్తుంది. కాంప్లెక్సు మారినా వాళ్లు వాడే స్క్రీనింగ్ కంపెనీ (అద్దెకి వచ్చేవాళ్ల చరిత్ర చూసి రిపోర్టు ఇచ్చేది) అదే అయితే అదే రికార్డు మళ్లీ బయటికొస్తుంది, ఇంకో 75 డాలర్లు పోతాయి. ఆ కంపెనీ ఏదో తెలిసేదాకా కొత్త ఫీజు ఎక్కడా కట్టకండి.

లీజింగ్ ఆఫీసు వాళ్లతో వాదించి లాభం లేదు. చాలాచోట్ల వాళ్లకు స్క్రీన్ మీద కనపడేది 'అంగీకరించు', 'షరతులతో అంగీకరించు', 'తిరస్కరించు' అన్న ఒక్క మాటే. రిపోర్టు తయారు చేసింది స్క్రీనింగ్ కంపెనీ, దిద్దాల్సిందీ వాళ్లే. ఆఫీసు నుంచి మీకు కావాల్సింది ఒక్కటే, అడ్వర్స్ యాక్షన్ నోటీసు, అంటే రిపోర్టు చూసి మీకు వ్యతిరేకంగా నిర్ణయం తీసుకున్నామని చెప్పే నోటీసు. 1970 నాటి ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ యాక్ట్ ప్రకారం, రిపోర్టు చూసి కాదన్న ఇంటి యజమాని ఈ నోటీసు ఇచ్చి తీరాలి. అందులో రిపోర్టు ఇచ్చిన కంపెనీ పేరు, చిరునామా, ఫోన్ నంబరు ఉండాలి. నిర్ణయం ఆ కంపెనీది కాదనీ, 60 రోజుల్లోపు అడిగితే రిపోర్టు కాపీ ఉచితమనీ, తప్పుంటే డిస్ప్యూట్ చేసే (అభ్యంతరం చెప్పి సరిచేయమనే) హక్కు ఉందనీ ఉండాలి. క్రెడిట్ స్కోరు చూసి ఉంటే ఆ స్కోరు కూడా చెప్పాలి. చట్టం ప్రకారం నోటితో చెప్పినా చెల్లుతుంది. మీరు మాత్రం మెయిల్‌లో అడిగి, మెయిల్‌లోనే తెప్పించుకోండి.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి: పూర్తిగా కాదంటేనే కాదు, రిపోర్టు చూసి డబుల్ డిపాజిట్ అడిగినా, కోసైనర్ (మీతో పాటు సంతకం పెట్టి హామీ ఉండేవాళ్లు) కావాలన్నా అది కూడా అడ్వర్స్ యాక్షనే. అప్పుడూ ఈ నోటీసు రావాలి.

కంపెనీ పేరు దొరికాక స్కోరు, సారాంశం ఉన్న ఒక పేజీతో సరిపెట్టుకోకండి. 'నా ఫైల్లో ఉన్న సమాచారం మొత్తం పంపండి' అని అడగండి. ఎస్‌ఎస్‌ఎన్ కొత్తది కాబట్టి ఆన్‌లైన్‌లో మీ గుర్తింపు నిర్ధారణ ఫెయిల్ కావచ్చు. పాస్‌పోర్టు మొదటి పేజీ, డ్రైవింగ్ లైసెన్సు, మీ పేరు మీద ఉన్న కరెంటు బిల్లు, ఈ మూడింటి కాపీలు పోస్టులో పంపిస్తే పని జరుగుతుంది.

జవాబు: ఎడిసన్, న్యూజెర్సీ నుంచి

పేరు సంగతి నేను చెబుతాను, మనవాళ్ల రిపోర్టుల్లో ఎక్కువ తప్పులు అక్కడే పుడుతున్నాయి. ఎవిక్షన్ కేసు కాగితాల్లో మామూలుగా ఎస్‌ఎస్‌ఎన్ ఉండదు, చాలాసార్లు పుట్టిన తేదీ కూడా ఉండదు. ఉండేది పేరు, ఖాళీ చేయమన్న ఇంటి చిరునామా. స్క్రీనింగ్ కంపెనీ ఒట్టి పేరుతో జత కలిపేస్తే రెడ్డి, రావు, కుమార్ లాంటి పేర్లున్నవాళ్లకి ఇంకొకరి కేసు అంటుకుంటుంది. రిపోర్టు వీలైనంత కచ్చితంగా ఉండేలా తగిన పద్ధతులు పాటించాలని అదే చట్టం అంటోంది. ఇలాంటి పొరపాట్ల మీదే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2018లో రియల్‌పేజ్ చేత 30 లక్షల డాలర్లు, 2020లో యాప్‌ఫోలియో చేత 42.5 లక్షల డాలర్లు కట్టించింది. 2023లో ట్రాన్స్‌యూనియన్ అద్దె స్క్రీనింగ్ విభాగంతో కుదిరిన సెటిల్‌మెంట్ 1.5 కోట్ల డాలర్లు.

మన పాస్‌పోర్టుల వల్ల వచ్చే చిక్కు వేరే ఉంది. సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్నవాళ్లకి వీసా మీద మొత్తం పేరు సర్‌నేమ్‌లోకి వెళ్లి, పేరు స్థానంలో 'ఎఫ్‌ఎన్‌యూ' (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. అది అలాగే లైసెన్సు మీదికీ బ్యాంకు ఖాతాకీ పాకుతుంది. కొందరికి ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట వెనక ఉంటుంది. అప్లికేషన్‌లో మీకు నచ్చిన వరసలో రాయకండి. ఎస్‌ఎస్‌ఎన్ కార్డు మీద ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అలాగే రాయండి, మధ్య పేరు ఉంటే వదలకండి.

ఎస్‌ఎస్‌ఎన్ సరిపోలలేదని ఫ్లాగ్ పడితే కంగారు పడొద్దు. 2011 జూన్ 25 నుంచి ఈ నంబర్లు రాష్ట్రాల వారీగా కాకుండా కలగాపులగంగా ఇస్తున్నారు. నంబరు చూసి ఏ రాష్ట్రం, ఏ ఏడాది అని పసిగట్టే పాత పద్ధతి వీటికి పనిచేయదు. కార్డు చూపిస్తే చేతితో సరిచూస్తారు. ఇంకా ఎస్‌ఎస్‌ఎన్ రానివాళ్లు గడి నింపడానికి అంకెలు కల్పించొద్దు, స్నేహితుడి నంబరు అసలే వద్దు.

ప్రశ్న అడిగినవారు

నోటీసు మెయిల్‌లో అడిగాను, కంపెనీ పేరు పంపారు. ఫైలు కూడా వచ్చింది. ఒహైయో కేసు నంబరు, 2019 తేదీ ఉన్నాయి, చిరునామా లేదు. డిస్ప్యూట్ ఎలా రాయాలి?

జవాబు: డాలస్ నుంచి

కేసు నంబరు ఉంటే సగం పని అయినట్టే. ఒహైయోలో ఎవిక్షన్ కేసులు మునిసిపల్ కోర్టులోనో కౌంటీ కోర్టులోనో నడుస్తాయి. మన టెక్సస్‌లో అయితే జస్టిస్ ఆఫ్ ద పీస్ కోర్టు. క్లర్క్ వెబ్‌సైట్లో ఆ నంబరు కొట్టి చూడండి, దొరక్కపోతే క్లర్క్ ఆఫీసుకి ఫోన్ చేయండి. దావా కాగితం కాపీ తీసుకోండి. అందులో ప్రతివాది పూర్తి పేరు, ఇంటి చిరునామా ఉంటాయి.

ఇప్పుడు ఆ తేదీన మీరెక్కడ ఉన్నారో చూపించాలి. 2019 నాటికి మీరు అమెరికాకే రాకపోతే అంతకంటే గట్టి రుజువు లేదు. సీబీపీ (అమెరికా కస్టమ్స్, సరిహద్దు శాఖ) వెబ్‌సైట్లో ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు) ప్రయాణ చరిత్ర ఉచితంగా వస్తుంది, మొదటిసారి దిగిన తేదీ అందులో ఉంటుంది. దానికి ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే స్టూడెంట్ వీసా ఫారం) జత చేయండి. అప్పటికే ఇక్కడ ఉంటే పాత లీజు, యూనివర్సిటీ ఎన్‌రోల్‌మెంట్ లెటర్ పెట్టండి.

ఉత్తరం ఒక పేజీ దాటనివ్వొద్దు. రిపోర్టు నంబరు, తేదీ, ఏ పేజీలో ఏ ఎంట్రీ తప్పు, ఎందుకు తప్పు, జత చేసిన కాగితాల వరస, చివరిగా 'ఈ ఎంట్రీని తొలగించి, సరిచేసిన రిపోర్టు నాకు పంపండి'. కోపం, బాధ అందులో వద్దు. సర్టిఫైడ్ మెయిల్‌లో, రిటర్న్ రిసీట్‌తో పంపండి. వాళ్ల వెబ్‌సైట్లో కూడా డిస్ప్యూట్ వేసి స్క్రీన్‌షాట్ తీసుకోండి. అక్కడ రాసే చోటు తక్కువ, అందుకే ఉత్తరం కూడా కావాలి.

గడువు 30 రోజులు, డిస్ప్యూట్ వాళ్లకు అందిన రోజు నుంచి లెక్క. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ఈ 30 రోజుల మధ్యలో మీరు కొత్త కాగితం ఏదైనా పంపితే వాళ్లకి ఇంకో 15 రోజులు దొరుకుతాయి. అందుకే ఉన్నవన్నీ ఒకేసారి పంపండి. ఎంట్రీ తప్పని తేలినా, నిజమని నిర్ధారించలేకపోయినా తీసేయాల్సిందే. విచారణ ముగిశాక 5 పనిదినాల్లోపు ఫలితం రాతలో రావాలి. తీసేసినదాన్ని మళ్లీ చేరిస్తే అదీ 5 పనిదినాల్లోపు మీకు చెప్పాలి.

కొన్ని కంపెనీలు సొంత డేటా లేకుండా వేరేవాళ్ల దగ్గర కొని అమ్ముతాయి. అలాంటప్పుడు మీ డిస్ప్యూట్‌ను అసలు డేటా ఇచ్చిన కంపెనీకి పంపే బాధ్యత వాళ్లదే. మీరు ఇద్దరికీ రాస్తే ఇంకా నయం.

సరిచేశాక అక్కడితో ఆగకండి. గత 6 నెలల్లో ఆ రిపోర్టు అందుకున్నవాళ్లకి దిద్దిన సంగతి పంపమని అడిగే హక్కు మీకుంది. అడిగితేనే పంపుతారు.

జవాబు: ఫ్రీమాంట్, కాలిఫోర్నియా నుంచి

డబ్బు గురించి టెక్సస్ చట్టం మీకు పనికొస్తుంది. అక్కడి ప్రాపర్టీ కోడ్ అప్లికేషన్ ఫీజును, అప్లికేషన్ డిపాజిట్‌ను విడివిడిగా చూస్తుంది. ఫీజు స్క్రీనింగ్ ఖర్చుకి, మామూలుగా తిరిగి రాదు. డిపాజిట్ మాత్రం తిరస్కరిస్తే వెనక్కి ఇవ్వాల్సిన సొమ్ము. కాబట్టి మీ 150 రావాలి. అడ్మిన్ ఫీజు 200 సంగతి మీరు సంతకం పెట్టిన ఫారంలో చదవండి, తిరస్కరిస్తే వాపసు ఇస్తామని చాలా ఫారాల్లో రాసి ఉంటుంది.

ఇక ఆ 75లు. 92.3515 సెక్షన్ ప్రకారం అప్లికేషన్ ఇచ్చేటప్పుడే ఎంపిక ప్రమాణాలు (క్రిమినల్ చరిత్ర, పాత అద్దె చరిత్ర, ఆదాయం, క్రెడిట్ లాంటివి) మీకు రాతపూర్వకంగా అందుబాటులో పెట్టాలి. పెట్టకుండా తిరస్కరిస్తే ఫీజు కూడా తిరిగి ఇవ్వాలి. ఆన్‌లైన్ ఫారంలో 'ప్రమాణాలు చూశాను' అన్న చోట టిక్ పెట్టి ఉంటే మీరు చూసినట్టే అనుకుంటారు, అప్పుడు చూపలేదని రుజువు చేయాల్సింది మీరు. అలాగే ఫారం వాళ్లదే అయినప్పుడు 7వ రోజుకి ఒప్పుకోకపోతే తిరస్కరించినట్టే లెక్క. 'ఇంకా పరిశీలనలో ఉంది' అంటూ వారాలు డిపాజిట్ పట్టుకుని కూర్చోవడం కుదరదు. దురుద్దేశంతో ఇవ్వకపోతే 92.354 కింద 100 డాలర్లు, ఆపుకున్న మొత్తానికి మూడు రెట్లు, లాయరు ఖర్చులు కట్టాలి. ఈ సెక్షన్ నంబర్లు రాసి, గడువు పెట్టి ఒక ఉత్తరం పంపండి. అప్పటికీ ఇవ్వకపోతే జస్టిస్ కోర్టు ఉంది, 20,000 డాలర్ల దాకా అక్కడే వేసుకోవచ్చు, లాయరు తప్పనిసరి కాదు.

ఇంకో చిట్కా. స్క్రీనింగ్ కంపెనీ పంపిన ఫైల్లో గత ఏడాదిలో మీ రిపోర్టు ఎవరెవరు తీసుకున్నారో జాబితా ఉంటుంది. నోటీసులో ఆ కంపెనీ పేరే చెప్పి, జాబితాలో ఆ కాంప్లెక్సు పేరు లేకపోతే అసలు స్క్రీనింగ్ చేశారా అని గట్టిగా అడగొచ్చు. క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే, స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోపు కార్డు కంపెనీకి రాతలో ఫిర్యాదు చేయడానికి ఇది మంచి ఆధారం. జెల్‌లో (బ్యాంకు ఖాతాల మధ్య నేరుగా డబ్బు పంపే సేవ) పంపిన డబ్బుకి ఈ రక్షణ లేదు. ఇల్లు చూపించకుండా జెల్‌లో ఫీజు అడిగితే అక్కడితో వదిలేయండి.

మిగతా రాష్ట్రాలవాళ్ల కోసం: న్యూయార్క్‌లో బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఫీజు 20 డాలర్లు లేదా అసలు ఖర్చు, ఏది తక్కువైతే అది. గత 30 రోజుల్లో తీసిన రిపోర్టు మీరే ఇస్తే ఫీజే లేదు. మసాచుసెట్స్‌లో ఇంటి యజమాని అప్లికేషన్ ఫీజు తీసుకోకూడదు. కాలిఫోర్నియాలో ఫీజుకి పరిమితి ఉంది, రసీదు ఇవ్వాలి, వాడని భాగం వెనక్కి ఇవ్వాలి. ఖాళీ లేని ఇంటికి ఫీజు తీసుకోకూడదు.

ప్రశ్న: షార్లెట్ నుంచి

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. మాది పేరు తప్పు కాదు. నలుగురం ఒక లీజులో ఉండేవాళ్లం, నేను ముందే వచ్చేశాను, మిగతావాళ్లు చివరి నెల అద్దె కట్టలేదు. నా రిపోర్టులో కూడా బాకీ చూపిస్తోంది. డిస్ప్యూట్ చేయొచ్చా?

జవాబు: ఎడిసన్ నుంచి

లీజులో మీ పేరు తీయించకుండా వచ్చేశారంటే, చట్టం దృష్టిలో ఆ అద్దె నలుగురిదీ. మొత్తం మీ ఒక్కరినే అడిగినా అడగొచ్చు. 'నాది కాదు' అని డిస్ప్యూట్ వేస్తే నిలవదు. డిస్ప్యూట్ చేయగలిగింది బాకీ అంకె తప్పైతే, డిపాజిట్ సర్దుబాటు చేయకపోతే, తేదీలు తప్పైతే. ఫైనల్ అకౌంట్ స్టేట్‌మెంట్ తెప్పించి ఒక్కో లైనూ చూడండి, కార్పెట్, పెయింట్ పేరుతో వేసినవాటికి బిల్లులు అడగండి. మిగిలింది నిజమైన బాకీ అయితే నలుగురూ కట్టి, 'బాకీ లేదు' అన్న లెటర్ ఆస్తి యాజమాన్యం నుంచి రాతలో తీసుకోండి. కొత్త చోట ఆ లెటర్ అప్లికేషన్‌తో పాటే ఇస్తే చాలామంది ఒప్పుకుంటారు.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్స్ అండి. ఒక్కటే సందేహం. 30 రోజులు ఆగలేను. రూమ్‌మేట్ ఒక్కడే లీజు తీసుకుని నేను పేరు లేకుండా ఉంటే?

జవాబు: డాలస్ నుంచి

వద్దు తమ్ముడూ. పేరు లేకుండా ఉంటే లీజు ఉల్లంఘన అవుతుంది, అతని మీద నిజమైన ఎవిక్షన్ పడొచ్చు. చాలా కాంప్లెక్సుల్లో ఆక్యుపెంట్‌గా (లీజు మీద సంతకం లేకుండా ఇంట్లో ఉండేవాళ్లుగా) చేర్చినా పెద్దవాళ్లందరికీ చెక్ చేస్తారు.

ఆగలేనప్పుడు ఇలా చేయండి. అప్లై చేసే ముందే ఆఫీసుకి మెయిల్ పెట్టి మూడు అడగండి: ఏ స్క్రీనింగ్ కంపెనీ వాడతారు, డిస్ప్యూట్ నడుస్తున్న ఎంట్రీకి అదనపు కాగితాలు చూస్తారా, తిరస్కరిస్తే ఏ డబ్బు వెనక్కి వస్తుంది. కోర్టు కాగితం, ఐ-94, డిస్ప్యూట్ ఉత్తరం, పోస్టు రసీదు ఒకే పీడీఎఫ్‌గా జత చేయండి. ఒకటి రెండు ఇళ్లే ఉన్న చిన్న యజమానులు ఇవి చూసి ఒప్పుకునే అవకాశం పెద్ద కాంప్లెక్సుల కంటే ఎక్కువ. బ్యాంకు స్టేట్‌మెంట్లు, పే స్టబ్‌లు మాత్రం ఆ పీడీఎఫ్‌లో కలపొద్దు. డౌన్‌లోడ్ చేసిన ఫైలు చేసినట్టే విడిగా ఇవ్వండి. ప్రింట్ తీసి స్కాన్ చేసినా, ఇంకో యాప్‌లో తెరిచి సేవ్ చేసినా, దిద్దారేమోనని పరిశీలించే సాఫ్ట్‌వేర్ పట్టుకుంటుంది. ఇప్పుడున్న చోట లీజు నెల నెలకి పొడిగిస్తారేమో ఈరోజే అడగండి, అద్దె కొంచెం ఎక్కువైనా మీకు ఆ 30 రోజులు దొరుకుతాయి. రిటర్న్ రిసీట్ కార్డు మీద తేదీ చూసి 31వ రోజు కేలెండర్‌లో పెట్టుకోండి. ఆ తర్వాత 5 పనిదినాలకీ జవాబు రాకపోతే టెక్సస్ అటార్నీ జనరల్‌కీ, సీఎఫ్‌పీబీకీ (వినియోగదారుల ఆర్థిక రక్షణ చూసే ఫెడరల్ సంస్థ) ఫిర్యాదు చేయండి, కార్డు కాపీ జత చేయండి.