కాలర్ నమిలే పిల్లాడు: నమలడానికి ఇంకోటి ఇవ్వాలా, అలవాటే మాన్పించాలా?

సిరి_హన్మకొండ · సోమవారం, రాత్రి 10:14

మావాడికి ఏడేళ్లు, రెండో తరగతి. చొక్కా కాలర్ నములుతాడు. సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి కాలర్ తడిసి ముద్దయి, రెండు కొసలూ పీచులు లేచి ఉంటాయి. జూన్ నుంచి మూడు యూనిఫాం చొక్కాలు పోయాయి. కాలర్ అందకపోతే ఐడీ కార్డు తాడు, అదీ లేకపోతే పెన్సిల్ వెనక భాగం, నీళ్ల సీసా మూత. మింగడు, ఊరికే నములుతాడు. గడ్డం కింద ఎప్పుడూ తడికి ఎర్రగా పాసిపోయి ఉంటుంది.

థెరపీ సెంటర్‌లో చూపిస్తే మెడలో వేసుకునే సిలికాన్ బిళ్ల కొనమన్నారు. 650 రూపాయలు పెట్టి తెప్పించాను. రెండు రోజులు అది నమిలాడు, కాలర్ జోలికి పోలేదు. మూడో రోజు బడివాళ్లు "ఇలాంటివి వేసి పంపొద్దు" అని డైరీలో రాసి పంపారు. ఇంట్లో మా అత్తగారిదీ అదే మాట. ఇప్పుడు బిళ్ల బీరువాలో ఉంది, కాలర్ మళ్లీ నోట్లో ఉంది.

ఇంకోటి ఏదైనా ఇవ్వాలా, అసలు మాన్పించాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఒక్క_మాట · 10:21

ఆకలేమో.

పాతకాపు_తెనాలి · 10:40

అమ్మా, ముప్పై నాలుగేళ్లు బడిపంతులుగా చేసినవాణ్ణి. ఇలాంటి పిల్లల్ని వందల మందిని చూశాను. కాలరుకి వేపనూనె రాయి, మూడు రోజుల్లో మానతాడు. ఒకటి మాన్పించడానికి ఇంకోటి ఇవ్వడమేమిటి? పొగ మాన్పించడానికి చుట్ట ఇచ్చినట్టుంది. ముందు పెన్సిల్ నోట్లో పెట్టకుండా చూడు. అందులో సీసం ఉంటుంది.

ఓటీ_విజయవాడ · 11:05

నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని, పిల్లలతోనే పని. సిరి గారూ, ముందు ఒక వారం గమనించండి. ఎప్పుడు నములుతున్నాడు? రాసేటప్పుడా, ఖాళీగా కూర్చున్నప్పుడా, గోల ఎక్కువైనప్పుడా? చాలామంది పిల్లలకు దవడ గట్టిగా పనిచేస్తే మనసు కుదురుతుంది. పెద్దవాళ్లం మీటింగులో కాలు ఊపుతాం చూడండి, అలాంటిదే. వేపనూనె రాస్తే కాలర్ మానతాడు కానీ నోరు ఊరుకోదు. తాడు, గోళ్లు, చేతి చర్మం, ఏదో ఒకటి వెతుక్కుంటాడు.

ఇవ్వాల్సింది వస్తువే కానక్కర్లేదు. బడికి వెళ్లేముందు దవడకు పని పెట్టండి: గట్టి జామకాయ, చపాతీ చుట్ట, చెరకు ముక్క, ఎండుకొబ్బరి. చిక్కటి లస్సీ సన్నటి స్ట్రాతో పీల్పించినా ఆ పని జరుగుతుంది. క్లాసులోకి కొరికి పీల్చే స్ట్రా ఉన్న నీళ్ల సీసా పంపండి, దాన్ని ఎవరూ వద్దనరు. ఐదేళ్లలోపు పిల్లలకు మాత్రం పల్లీలు, పచ్చి క్యారట్ ముక్కల్లాంటివి వద్దు, గొంతులో అడ్డుపడతాయి.

వస్తువే కావాలంటే మెడలో వద్దు, చొక్కాకి క్లిప్పు పెట్టండి. రోజూ సబ్బుతో కడిగి, వంచి చూడండి. పంటి గాటు లోతుగా దిగి చీలిక కనబడిందా, పారేయడమే. నిద్రపోయేటప్పుడు అసలు వద్దు.

తేగల_అమ్మమ్మ · 11:12

తేగలు ఉడకబెట్టి ఇవ్వండి. పీచు ఉంటుంది, అరగంట నములుతాడు. కాలంలో మాత్రమే దొరుకుతాయనుకోండి.

డల్లాస్_నాన్న · మంగళవారం, ఉదయం 6:30

మా అబ్బాయి పదేళ్లుగా నములుతున్నాడు, వాడికి ఆటిజం ఉంది. ఓటీ గారు మెడలో వద్దన్నది ఊరికే కాదు. 2018 డిసెంబర్లో ఇక్కడి ఎఫ్‌డీఏ, అంటే మందులూ వైద్య పరికరాలూ చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ, ఇలాంటి హారాలు, కంకణాల మీద హెచ్చరిక ఇచ్చింది. ఏడాదిన్నర బిడ్డ నిద్రలో అంబరు పూసల దండ మెడకు బిగుసుకుని చనిపోయాక వచ్చిన హెచ్చరిక అది. పళ్లు వచ్చే పిల్లలకే కాదు, మా వాడిలాంటి పిల్లలు వాడే వాటిక్కూడా అని అందులో రాశారు. లాగితే ఊడిపోయే కొక్కెం ఉన్నవి వస్తాయి. అయినా మేం క్లిప్పే వాడతాం.

పాతకాపు గారూ, పెన్సిల్లో సీసం ఉండదండీ. అది గ్రాఫైటు, బంకమట్టి.

పాతకాపు_తెనాలి · 7:15

సీసం లేకపోతే ఇన్నేళ్లూ లెడ్ పెన్సిల్ అని ఎందుకన్నారు? మేం పిచ్చివాళ్లమా?

డల్లాస్_నాన్న · 7:22

ఇంగ్లండులో గ్రాఫైటు మొదట దొరికినప్పుడు దాన్ని ఒక రకం సీసం అనుకున్నారు. పొరపాటు పోయింది, పేరు మిగిలింది. భయపడాలంటే పైన వేసే రంగుకి భయపడాలి. దానికీ మన దేశంలో 2017 నవంబర్ నుంచి హద్దు ఉంది, సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) దాటకూడదు.

పాతకాపు_తెనాలి · 7:50

ఆ రూలు చదివాను. ఇళ్లకు, అలంకరణకు వేసే రంగుల గురించి అది. పెన్సిల్ రంగు అని అందులో ఎక్కడుంది? చూపించండి.

డల్లాస్_నాన్న · 7:58

సరే, ఆ పాయింటు మీదే. కానీ మొదట మీరన్నది లోపలి పుల్లలో సీసం అని.

పాతకాపు_తెనాలి · 8:03

నేను పెన్సిల్ అన్నాను. పుల్ల అనలేదు.

సిరి_హన్మకొండ · 8:40

నా ప్రశ్న పెన్సిల్ గురించి కాదండీ.

బలపాల_బ్యాచ్ · 9:10

మేమంతా బలపాలు తిని పెరిగినవాళ్లమే. మాకేమైంది? సుబ్బరంగా ఉన్నాం.

పళ్ల_డాక్టరు_రాజమండ్రి · మధ్యాహ్నం 1:25

బలపాలు తినడం వేరు, కాలర్ నమలడం వేరు. బలపాలు, మట్టి, పచ్చి బియ్యం, గిన్నెడు ఐసు ముక్కలు తినాలనిపిస్తుంటే ముందు హిమోగ్లోబిన్ చూపించుకోవాలి, ఐరన్ తక్కువైతే అలా అనిపిస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 67 మందికి రక్తహీనత ఉందని తేలింది. కాబట్టి సిరి గారూ, మీవాడు మింగకపోయినా ఒకసారి రక్తం చూపించండి, పోయేదేం లేదు.

రెండోది పళ్లు. ఆరేడేళ్లకు వెనక పెద్ద దంతాలు వస్తాయి, చిగురు సలుపుతుంది, నమలాలనిపిస్తుంది. కొన్నాళ్లకు దానంతటదే తగ్గొచ్చు. బట్ట కంటే పెన్ను మూత, సీసా మూత లాంటి గట్టి ప్లాస్టిక్కే ప్రమాదం. కొత్తగా వచ్చిన ముందు పళ్ల అంచు విరిగి నా దగ్గరికి వచ్చినవాళ్లు ఉన్నారు.

థెరపీ వాళ్లు చెప్పే "దవడకు పని" మాటకు గట్టి రుజువులేమున్నాయో నాకు తెలియదు. ఓటీ గారు కోప్పడొద్దు.

ఓటీ_విజయవాడ · 2:02

కోపం లేదు. పెద్ద పరిశోధనలు తక్కువన్నది నిజమే. ఒప్పుకుంటాను. నేను చూసేది చొక్కా. నెల తర్వాత కాలర్ పొడిగా ఉందా లేదా, అంతే నా లెక్క.

ఒక్క_మాట · 2:10

ఆటిజం టెస్టు చేయించారా?

సిరి_హన్మకొండ · 2:31

దయచేసి ఈ ప్రశ్న వద్దు. చూపించాం, లేదన్నారు. ఉంటే మాత్రం కాలర్ నమిలే హక్కు వస్తుందా, లేకపోతే పోతుందా?

పాతకాపు_తెనాలి · సాయంత్రం 5:45

అదేనమ్మా నేనూ అంటున్నది. రోగం లేని పిల్లాడి మెడలో ఆ రబ్బరు బిళ్ల కట్టి ఊళ్లో తిప్పితే చూసినవాడు ఏమనుకుంటాడు? ఏదో లోపం ఉందనే కదా. రేపు క్లాసులో పేరు పెడతారు. మా రోజుల్లో ఒక్కటి వేస్తే సరిపోయేది. ఇప్పటి తల్లులకు ఓపిక లేదు, వస్తువు కొనిచ్చి చేతులు దులుపుకుంటారు.

సిరి_హన్మకొండ · 6:20

ఓపికా? ఉదయం ఏడున్నరకు వాణ్ణి బడికి పంపి, తొమ్మిదికి ఆఫీసు. రాత్రి కూర్చుని పీచులు లేచిన కాలర్లు తిరగేసి కుట్టేది నేనే. సంక్రాంతికి మా అత్తగారింటికి వెళ్తే, ఇరవై మంది భోజనాలు చేస్తుండగా ఒక పెద్దమనిషి వాడి నోట్లోంచి చొక్కా లాగి "ఏరా, మీ అమ్మ అన్నం పెట్టట్లేదా" అన్నాడు. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. తర్వాత బావి దగ్గరికి వెళ్లి చొక్కా విప్పి చేత్తో పట్టుకుని కూర్చున్నాడు, నోట్లోకి రాకుండా. ఆ చలిలో. మీరు "ఒక్కటి వేస్తే" అంటే నాకు అదే కనబడింది. మీలాంటి పెద్దల దగ్గర్నుంచి వాణ్ణి కాపాడుకోవడానికే నా ఓపిక సగం పోతోంది, మాస్టారూ.

మోడరేటర్ · 6:24

వ్యక్తిగత మాటలు వద్దు. ఇద్దరికీ చెప్తున్నాను.

కాలర్‌గాడు_38 · 9:15

రెండేళ్లుగా ఇక్కడ చదువుతున్నాను కానీ ఇదే మొదటిసారి రాయడం. నాకు 38. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్. నేనూ నములుతాను. మా అమ్మ చొక్కా కొసకి కారం రాసేది. కళ్లు మండిన రోజులున్నాయి, మానిన రోజు లేదు. మానలేదు కానీ ఎవరికీ కనబడకుండా చేయడం వచ్చింది. ఇప్పుడు చెంప లోపల కొరుకుతాను. మీటింగులో ఎవరికీ తెలియదు, రాత్రి ఉప్పునీళ్లు పుక్కిలిస్తాను.

పెన్ను మూతలు కూడా నమిలేవాణ్ణి. మంచి కంపెనీ మూతల చివర చిల్లు ఉంటుంది, గమనించారా? పొరపాటున గొంతులోకి పోతే గాలి ఆడడానికట. అంటే మనలాంటివాళ్లు చాలామందే ఉన్నారన్నమాట, ఆ చిల్లు పెట్టినవాడికి తెలుసు.

సిరి గారూ, నాకు పనిచేసింది మణికట్టుకు వేసుకునే టర్కీ గుడ్డ బ్యాండు. ఆటగాళ్లు చెమట తుడుచుకోవడానికి వేసుకుంటారే, అదే. ఆటల సామాన్ల షాపులో దొరుకుతుంది. మెడకు చుట్టుకోదు, ముక్క విరగదు. ఎవడూ అడగడు. సాయంత్రం సబ్బుతో ఉతికి ఆరేయడమే.

పళ్ల_డాక్టరు_రాజమండ్రి · 9:32

చెంప లోపల తెల్లటి గీత, పుండు ఏదైనా రెండు వారాలు దాటి ఉంటే చూపించుకోండి. దాచుకోవద్దు.

పాతకాపు_తెనాలి · 11:50

ఇందాక తప్పుగా మాట్లాడాను. సిరీ, క్షమించమ్మా. కానీ నా మాట వెనక కారణం ఉంది, అది చెప్పకుండా వాదించాను.

మా రెండోవాడు చిన్నప్పుడు ఇలాగే నమిలేవాడు. కాలర్, పలక తాడు. నేను ఊరుకునేవాణ్ణి కాదు. తర్వాత వాడికి కాలేజీలో వక్కపొడి అలవాటైంది. పోనీలే, వక్కే కదా, భోజనం తర్వాత మనమూ వేసుకుంటాం అనుకున్నాను. అది గుట్కా అయింది. ఇప్పుడు వాడికి 41. నోరు రెండు వేళ్లు కూడా తెరుచుకోదు. అన్నం మెత్తగా పిసికి పెట్టాలి. కారం తగిలితే ఏడుస్తాడు. నమలడం అలవాటైన నోరు ఊరుకోదు సిరీ. ఇవాళ రబ్బరు, రేపు ఇంకోటి. అందుకే మొదట్లోనే తుంచాలంటాను.

కాలర్‌గాడు_38 · 11:58

మాస్టారూ, కోపం తెచ్చుకోవద్దు. నోరు ఊరుకోదని మీరే అంటున్నారు. కాలర్ తీసేశారు కాబట్టే వక్క దొరికిందేమో.

పాతకాపు_తెనాలి · బుధవారం, 12:06

అంటే నేను చేశానంటావా?

ఓటీ_విజయవాడ · ఉదయం 8:10

అలా ఎవరూ అనలేరు మాస్టారూ. కాలర్ నమిలిన పిల్లలందరూ గుట్కాకి పోరు, గుట్కా తినేవాళ్లందరూ కాలర్ నమిలినవాళ్లు కాదు. ఒక్కడి కథ పట్టుకుని అటూ చెప్పలేం, ఇటూ చెప్పలేం.

పళ్ల_డాక్టరు_రాజమండ్రి · 8:45

వక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పగలను. పొగాకు కలవకపోయినా, ఉత్త వక్క కూడా క్యాన్సర్ తెచ్చేదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2004లోనే ప్రచురించింది. నోరు బిగుసుకుపోయే జబ్బుకు మూలం వక్కే. కాలర్‌కు బదులు పిల్లలకు సోంపు ఇవ్వండి, ఏమీ కాదు. అందులో తీపి వక్క ముక్కలు కలిసిన పొట్లాలు మాత్రం ఇంట్లోకే రానివ్వకండి. మీ అబ్బాయి మానేశాడా మాస్టారూ?

పాతకాపు_తెనాలి · 9:30

ఏడాదైంది మానేసి. దవడకు వ్యాయామం చేయిస్తున్నాం. ఏదో ఒకటి నోట్లో లేకపోతే చిరాకు పడతాడు.

తేగల_అమ్మమ్మ · 9:41

అయ్యో.

సిరి_హన్మకొండ · ఆదివారం, మధ్యాహ్నం 12:20

ఇంతమంది రాశారు కాబట్టి ఏమైందో చెప్పాలి. టర్కీ బ్యాండ్లు రెండు కొన్నాను, 90 రూపాయలు. ఎడమచేతిది నమలడానికి, కుడిచేతిది అందం కోసం అట, వాడే చెప్పాడు. టీచర్ గారు ఏమీ అనలేదు, క్రికెట్ పిచ్చి అనుకున్నారు. గురువారం, శుక్రవారం కాలర్ పొడిగా వచ్చింది. శనివారం తడిసింది. ఆ రోజు లెక్కల పరీక్ష. స్ట్రా సీసా కూడా పంపుతున్నాను, స్ట్రా మొన నలిగిపోయి వస్తోంది. రక్తం చూపిస్తే హిమోగ్లోబిన్ 10.2, సిరప్ రాశారు.

అత్తగారు ఇంకా వేపనూనె అంటూనే ఉన్నారు. సీసా పైన అటక మీద పెట్టేశాను.

ఒక్క_మాట · 12:31

అంటే కొంచెం ఆకలే.

ఓటీ_విజయవాడ · 12:50

సిరప్ వేసినా నమలడం తగ్గకపోవచ్చు, కంగారు పడకండి. పరీక్ష రోజు ఉదయం జామకాయ పెట్టి చూడండి.

పాతకాపు_తెనాలి · 4:15

పెన్సిల్ రంగు సంగతి నేను ఒప్పుకోలేదు, అది అలా ఉంచండి. ఆ టర్కీ గుడ్డ బ్యాండ్లు పెద్దవాళ్ల చేతికి పట్టేవి కూడా ఉంటాయా? తెనాలిలో ఎక్కడ అడగాలి?