కరెంటు కంపెనీ మార్చుకోవచ్చా? గ్యాసు మానేసి ఇండక్షన్‌కి వెళ్తే కలిసొస్తుందా?

ప్రశ్న (శ్రీకాకుళం టౌను)

ఇంగ్లండులో ఉన్న మా మరిది ధరలు పోల్చి చూసుకుని ఈమధ్యే కరెంటు కంపెనీ మార్చేశాడు. మనకి అలాంటి వీలుందా? లేకపోతే ఇండక్షన్ పొయ్యి మీద వండుకుంటే ఏమైనా మిగులుతుందా? మామూలు నెలల్లో 110 యూనిట్లు కాలుతుంది. ఎండాకాలం ఏసీతో 240 దాకా పోతుంది. సిలిండరు 45 రోజులొస్తుంది, రమారమి 900 అవుతోంది. దీపం పథకం వస్తోంది. ఏటి చెయ్యమంటారు?

జవాబు

అప్పా, మన దగ్గర ఇళ్లకి కరెంటిచ్చేది ఈపీడీసీఎల్ ఒక్కటే, మారడానికి రెండోది లేదు. గ్యాసు ఏజెన్సీని మార్చుకోవచ్చు గానీ ఇండేన్, హెచ్‌పీ, భారత్ ఏదైనా రేటు దాదాపు ఒకటే. మీరు పోల్చాల్సింది పొయ్యిల్నే.

14.2 కిలోల సిలిండరులో సుమారు 180 యూనిట్ల కరెంటుకి సమానమైన వేడి ఉంటుంది. స్టవ్ మీద గిన్నెకి చేరేది అందులో 60 శాతం పైచిలుకు. ఇండక్షన్‌లో 85 దాకా చేరుతుంది. అంటే సిలిండరు పనికి 130 యూనిట్లు చాలు. మీకు నెలకి 87 అదనం.

బిల్లుని యూనిట్లతో భాగించి సరాసరి రేటు పట్టుకోకండి, అక్కడే అందరి లెక్కా తప్పుతోంది. కొత్త యూనిట్లన్నీ పై స్లాబులోకే ఎక్కుతాయి: 76 నుంచి 125 వరకు 4.50, 225 వరకు 6 రూపాయలు, 400 వరకు 8.75. మీ 110 మీద 87 కలిస్తే ఆ 87కే 500 రూపాయలు అవుతుంది. గ్యాసు నెలకి 600. కరెంటు బిల్లులో కలిసే సర్దుబాటు ఛార్జీలు పోను మిగిలేది కొద్దిగానే. అదే మే నెలలో 240 మీద కలిస్తే 761, నష్టమే.

పైగా దీపం కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. 2024 నవంబరు 1న మన ఇచ్ఛాపురం దగ్గర ఈదుపురంలోనే మొదలైంది కదా. వాటిని వదిలి కరెంటుకి డబ్బు కట్టడం దండగ. ఇంకోటి, రేషన్ కార్డు అర్హతకి కరెంటు వాడకం సరాసరి 300 యూనిట్లు దాటకూడదనే నిబంధన పెట్టారు. ఏసీ మీద వంట కూడా కలిస్తే ఆ నెలల్లో 300 దాటి మీ సరాసరి పెరుగుతుంది.

మళ్లీ ప్రశ్న

అయితే కొనద్దంటారా?

జవాబు

కొనండి, చలికాలానికి. అన్నం, టీ, చోడి అంబలి దాని మీద కానిచ్చి, డబ్బు కట్టి తెచ్చే సిలిండర్లు తగ్గించుకోండి. ముందు గిన్నెల అడుక్కి అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకోకపోతే అది పనికిరాదు. అల్యూమినియం తపేలాలన్నీ పక్కన పెట్టాల్సిందే. ఆ ఖర్చూ లెక్కలో వేయండి. వైరింగు పాతదైతే ఎలక్ట్రీషియన్‌కి చూపించి 16 ఆంపియర్ల ప్లగ్గు పెట్టించండి.

గ్యాసు కనెక్షను మాత్రం వదులుకోవద్దు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడు వండుకు తిన్నది గ్యాసు మీద, కట్టెల మీదే.