నోడ్ మీద రాసిన ఫ్రేమ్‌వర్క్‌ని డీనోకి మార్చాలి, మిడిల్‌వేర్ దగ్గర ఆగిపోయా

ప్రశ్న:
అందరికీ నమస్తే. మా టీమ్‌లో మేమే రాసుకున్న చిన్న ఫ్రేమ్‌వర్క్ ఒకటుంది, నోడ్‌లో వాడే ఎక్స్‌ప్రెస్ ఫ్రేమ్‌వర్క్ లాగే రౌటర్, మిడిల్‌వేర్ (రిక్వెస్ట్ వచ్చాక హ్యాండ్లర్‌కి చేరేలోపు మధ్యలో నడిచే కోడ్), టెంప్లేట్లు, అంతే. ఇప్పుడు దాన్ని డీనో మీద నడపాలి, అది కూడా నోడ్ లాగే సర్వర్ మీద జావాస్క్రిప్ట్ నడిపేదే. రౌటర్ గంటలో అయిపోయింది కానీ మిడిల్‌వేర్‌తో వారం నుంచి కుస్తీ పడుతున్నా. మొత్తం తిరగరాయాల్సిందేనా?

జవాబు 1:
ముందు ఏమీ మార్చకుండా నడిపి చూడండి బ్రో, నోడ్ మాడ్యూల్స్ చాలావరకు డీనోలో పనిచేస్తాయి. ఇంపోర్టుల్లో మాడ్యూల్ పేరుకి ముందు నోడ్ కోలన్ (node:) పెట్టండి, నెట్‌వర్క్‌కీ ఫైళ్ళకీ పర్మిషన్ ఫ్లాగులు ఇవ్వండి, అవి ఇవ్వకపోతే డీనో దేన్నీ ముట్టుకోనివ్వదు.

జవాబు 2:
అలా నడుస్తుంది గానీ అసలు చిక్కు వేరే. నోడ్‌లో రెస్పాన్స్ ఆబ్జెక్ట్ మన చేతికే ఇస్తారు, ఏ మిడిల్‌వేర్ అయినా మధ్యలో దాంట్లో రాసేయొచ్చు, డీనోలో సర్వర్ నడిపే Deno.serve‌లో అలా కుదరదు, రిక్వెస్ట్ తీసుకుని చివర్లో ఒక రెస్పాన్స్ రిటర్న్ చేయాలి. అందుకే స్టేటస్, హెడర్లు, బాడీ అన్నీ ఒక కాంటెక్స్ట్ ఆబ్జెక్ట్‌లో పోగుచేసి ఆఖర్న ఒక్కసారే రెస్పాన్స్ కట్టండి. పైథాన్ వాళ్ళు 2003లోనే డబ్ల్యూఎస్‌జీఐ అనే ప్రమాణంతో సర్వర్‌నీ ఫ్రేమ్‌వర్క్‌నీ విడదీసుకున్నారు, రూబీలో ర్యాక్ కూడా అంతే. మీరూ ఫ్రేమ్‌వర్క్ కోర్‌కి ప్లాట్‌ఫామ్ ఊసే తెలియకుండా ఉంచి, దాన్ని ప్లాట్‌ఫామ్‌కి కలిపే పల్చటి అడాప్టర్ నోడ్‌కొకటి, డీనోకొకటి రాసుకోండి, పాత టెస్టులు రెండిటి మీదా నడపండి. ఇంకోటి, రిక్వెస్ట్ బాడీని ఒక్కసారే చదవగలం, లాగింగ్ మిడిల్‌వేర్ చదివేస్తే హ్యాండ్లర్‌కి ఎర్రరే, కాబట్టి చదివింది కాంటెక్స్ట్‌లో దాచుకోండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్స్ అండీ, కాంటెక్స్ట్ పద్ధతిలో మిడిల్‌వేర్ మొత్తం కదిలింది! కానీ లాగిన్ అయిన వెంటనే లాగౌట్ అయిపోతోంది, సెషన్ కుకీ (లాగిన్‌ని గుర్తుంచేది), భాష కుకీ రెండూ పంపుతుంటే బ్రౌజర్‌కి భాషది ఒక్కటే చేరుతోంది.

జవాబు 2:
హెడర్స్‌లో సెట్ మెథడ్ వాడుంటారు, రెండోది పెట్టగానే మొదటిది పోతుంది. కుకీలకి అపెండ్ వాడాలి. నోడ్ అడాప్టర్‌లో కుకీలు బయటికి తీసేటప్పుడు మామూలు గెట్ వాడకండి, అది అన్నిటినీ కామాతో అతికిస్తుంది, ఎక్స్‌పైర్స్ తేదీలోనే ఒక కామా ఉంటుంది కాబట్టి మళ్ళీ విడగొట్టబోతే కుకీ సగానికి తెగుతుంది. గెట్ సెట్ కుకీ (getSetCookie) అని విడిగా మెథడ్ ఉంది, అది వరసగా లిస్ట్ ఇస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
అదేనండీ, సెట్టే వాడాను! అపెండ్ పెట్టగానే లాగిన్ నిలబడింది. ఇక మిగిలింది పెద్ద ఫైళ్ళ డౌన్‌లోడ్ ఒక్కటే, రేపు అది మొదలుపెడతా.